మూడో రోజు ముద్ద

మీకెప్పుడైనా ఇట్లా జరిగిందా? చుట్టాలింట్లో వాళ్ళు రోజూ తినే తిండి తిందామని నోరూరించుకుంటూ పోతాం. వాళ్ళేమో మనం రోజూ మనింట్లో తినే తిండినే, మనకంటే కష్టపడి వండి, కొసరి కొసరి వడ్డిస్తారు. కాదనలేం. తిని, ‘బాగుంది చిన్నమ్మా’ అని కూడా అనాలి. మొన్న సంక్రాంతికి ముందు నాకు రెండు రోజులు ఇదే శిక్ష. మూడో రోజు బయటపడ్డాను. ఎట్లా బయటపడ్డానో చెప్తాను గానీ, అసలెందుకు పోయానో ముందు చెప్పాలి. దానికి ఒకసారి ఇటలీ దాకా పోయి రావాలి. భయపడకండి, తొందరగానే వచ్చేద్దాం.

మా అక్క కొడుకు జర్మనీలో ఉద్యోగం చేస్తాడు. సెలవులకి పెళ్ళాంబిడ్డల్తో ఇటలీ పోయాడు. రోము, వెనిసు ఫోటోలు పంపుతాడనుకున్నా. వాడు పంపింది ఒక పల్లెటూరి ఇల్లు, నాలుగు ఆలివ్ చెట్లు, చెట్టు కింద ఒక బల్ల, బల్లమీద ఒక మట్టిచిప్ప. ‘టస్కనీలో ఒక రైతు ఇంట్లో దిగాం మామా. వారం రోజులూ ఇక్కడే. తినడం, నిద్రపోవడం, అంతే’ అని రాశాడు. రైతు తన ఇంట్లోనే అతిథుల్ని దించుకుని, తన చేలో పండినవి వండిపెట్టే ఈ పద్ధతికి ఇటలీ వాళ్ళు 1985లోనే చట్టం చేశారు. అగ్రితురిజ్మో అంటారు. ఫోను చేసి, చిప్పలో ఏముందిరా అని అడిగాను. రిబొల్లిత అన్నాడు. చిక్కుడుగింజలు, ఆకుకూర, ఎండిపోయిన రొట్టెముక్కలు వేసి చిక్కగా కాచిన చారు. నిన్న మిగిలినదాన్ని ఇవాళ మళ్ళీ పొయ్యిమీద పెడతారు. ఆ పేరుకి అర్థమే ‘మళ్ళీ కాచింది’ అని.

‘అంటే సద్ది కదరా! దానికి ఎన్ని యూరోలిచ్చావు?’ అన్నాను. అంతవరకూ గడగడా మాట్లాడినవాడు సిగ్నల్ సరిగ్గా లేదన్నాడు.

ఫోను పెట్టేశాక నవ్వుకున్నాను గానీ, లోపల ఎక్కడో చురుక్కుమంది. ముప్పై ఏళ్ళుగా తిరుపతిలో కాపురం. రెండు గంటల దూరంలో చిన్నమ్మ ఉంది. పెళ్ళికో చావుకో తప్ప పోయింది లేదు. పోయినా పొద్దున పోయి సాయంత్రం బస్సుకి తిరిగి రావడమే. వాడు దేశాలు దాటి ముక్కూమొహం తెలియని వాళ్ళింట్లో సద్ది తింటున్నాడు, నేను సొంత చిన్నమ్మ చేతి ముద్ద తిని ఎన్నేళ్ళయిందో లెక్కకే రావడం లేదు. రిటైరైన వాణ్ణి, ఇంట్లో నా అవసరం ఎవరికీ లేదని మా ఆవిడ కూడా ధ్రువీకరించింది. పది రోజులకి బట్టలు సర్దుకున్నా.

తిరుపతి వాడు ఏ ఊరికి పోయినా సంచిలో లడ్డు ఉండాలి. లేకపోతే మనిషిని గడప దాటి రానిస్తారు గానీ మొహం చూడరు. 2009లో మా లడ్డుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ ఆ గుర్తింపు లేని రోజుల్లోనే లోకం మమ్మల్ని లడ్డుతో గుర్తుపట్టడం మొదలుపెట్టింది. తిరుపతి చుట్టుపక్కల ఊళ్ళలో జనం ఇంట్లో ఏం తింటారని మాత్రం ఎవరూ అడగరు. మేమూ చెప్పం. సరే, లడ్లు పట్టుకుని బస్సెక్కాను. చంద్రగిరి దాటి, భాకరాపేట ఘాట్ ఎక్కంగానే గాలి మారింది. కిటికీ మూసి, మఫ్లరు చెవులకి చుట్టుకున్నా. పీలేరులో దిగి చిన్నమ్మ ఊరికి ఆటో మాట్లాడుకున్నా. 2022లో జిల్లాలు చీల్చారు గదా, ఆ ఊరు ఇప్పుడు ఏ జిల్లా కిందికి వస్తుందో మా చిన్నమ్మకి పట్టదు. ‘మాది సిత్తూరు జిల్లానే’ అంటుంది. అంతటితో ఆ విషయం తేలిపోయింది.

ఇక తిండి సంగతి. మొదటి రోజు మధ్యాహ్నం సన్నబియ్యం అన్నం, సాంబారు, ఉర్లగడ్డ వేపుడు, అప్పడాలు. రాత్రి చపాతీలు. రెండో రోజు పొద్దున్నే పూరీ కుర్మా. మధ్యమధ్యలో అంగట్లోంచి తెచ్చిన మిక్చరు, కూల్ డ్రింకు సీసా. మా తిరుపతి ఇంట్లో వారం రోజుల తిండిని చిన్నమ్మ రెండు రోజుల్లో కుదించి పెట్టేసింది.

ఆమెని తప్పుపట్టలేం. అది మెట్టభూమి. చెరువు కిందో బావి కిందో నాలుగు మళ్ళు ఉన్నవాళ్ళకే వరి పండేది. తక్కిన వాళ్ళకి రాగి, సజ్జ, జొన్న, ఉలవ. వరన్నం అంటే పండక్కి, పెళ్ళికి, చుట్టం వచ్చినప్పుడు. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇవ్వడం మొదలుపెట్టాక వరన్నం మామూలు ఇళ్ళకీ రోజువారీ కూడయింది. ధర దిగింది గానీ చిన్నమ్మ దృష్టిలో దాని గౌరవం దిగలేదు. చుట్టానికి సంగటి పెట్టడమంటే, మీకు బియ్యం కూడా దండగ అని మొహాన చెప్పడంతో సమానం.

ఇంకో సంగతి గమనించాను. చిన్నాయన నాతోబాటు కూర్చోడు. ‘నువ్వు ముందు తినబ్బోడా, నేను చేనికాడికి పోయొచ్చి తింటా’ అంటాడు. మూడో రోజు చెయ్యి కడుక్కుందామని దొడ్లోకి పోయానా, అక్కడ కట్టెలపొయ్యి పక్కన, గోడ చాటున, చిన్నాయన! ఒళ్ళో పళ్ళెం. పళ్ళెంలో నున్నగా, నల్లగా, ఆవిరి కక్కుతూ ముద్ద. పక్కన పులగూర, ఊరిబిండి.

‘ఏం చిన్నాయనా, చేనికాడికి పోయింది ఇక్కడికేనా?’

దొంగ దొరికినట్టు చూశాడాయన. చిన్నమ్మ పరిగెత్తుకొచ్చింది. ‘అయ్యో, నీకెందుకు నాయినా ఇది? సంగటి పెట్టేదానికేనా నా బిడ్డను పిలిపించుకునిండేది అని మాయక్క పైనుంచి తిట్టదా నన్ను?’

‘అమ్మ తిట్టేది నువ్వు పెట్టనందుకు’ అని, నేనే ఒక పళ్ళెం కడుక్కుని ఆయన పక్కన చతికిలబడ్డాను. తిరుపతి హోటళ్ళలో రాగిసంగటి, నాటుకోడి పులుసు అని ఎంత పెద్ద బోర్డులు పెడుతున్నారో, బిర్యానీతో సమానంగా ఎట్లా గుంజుతున్నారో చెప్పాను. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరమని ప్రకటించిందని, అందుకు మన దేశమే ముందుకొచ్చి అడిగిందని కూడా చెప్పాను. చిన్నమ్మ విని, ‘ఒక్క సమచ్చరమేనా?’ అంది.

మీలో సంగటి చేయడం చూడనివాళ్ళు ఉంటారు కాబట్టి చెప్తున్నా. సట్టిలో నీళ్ళు మరగబెట్టి బియ్యం నూకలు వేసి, పలుకు లేకుండా ఉడకనిస్తారు. అప్పుడు రాగిపిండి గుట్టగా పోస్తారు. కలపరు. ఆ గుట్టలో కట్టెతో ఒక బొక్క చేసి, మూతపెట్టి, మంట తగ్గిస్తారు. బొక్కలోంచి ఆవిరి ఎక్కి పిండి తనంతట తను ఉడకాలి. తొందరపడితే పచ్చివాసన. దించాక అసలు పని, కెలకడం. సట్టిని గుడ్డతో అదిమిపట్టి తెడ్డుతో ఉండ అనేది లేకుండా కెలకాలి. నాకోసం మళ్ళీ చేస్తుంటే, నేను కెలుకుతానని తెడ్డు లాక్కున్నా. నాలుగు తిప్పులకి భుజం పట్టేసింది. డెబ్బై దాటిన చిన్నమ్మ తెడ్డు తీసుకుని, నాతో మాట్లాడుతూనే, అటు కోడిని అదిలిస్తూనే, కెలికి పడేసింది. తడి చేత్తో రెండుసార్లు తిప్పితే ముద్ద. ముద్దలో బొటనవేలితో ఒక గుంత. గుంతలో నెయ్యి.

నేనేమో నమిలాను. పళ్ళకి అతుక్కుంది.

‘నమిలేది గాదబ్బోడా, మింగేది’ అన్నాడు చిన్నాయన. ‘రవ్వంత తుంచు. పులగూరలో పొర్లించు. గుటుక్కున మింగు. దాని రుచి నోటికి తెలీదు, కడుపుకి తెలుస్తాది.’

ముప్పై ఏళ్ళ కిందట నాకు వచ్చిన విద్యే ఇది. మర్చిపోయా. నాలుగో తుంపుకి గొంతుకి గుర్తొచ్చింది.

ఆ పులగూర గురించి ఒక్క మాట. అది ఒక కూర కాదు. ఆరోజు చేనుగట్టున ఏం దొరికితే అది. చెంచలాకు, దొగ్గలాకు, పొన్నగంటాకు, గురుగాకు, ఏది ఒడిలో పడితే అది పచ్చిమిరక్కాయలు, టమోటా, ఎర్రగడ్డ, చింతపండు వేసి ఉడికించి, పప్పుగుత్తితో ఎనిపి, తెల్లగడ్డ తిరగమోత పెడతారు. రేపు ఇదే రుచి కావాలంటే రాదు. రేపటి గట్టు వేరు. ఊరిబిండి అట్లా కాదు, అది మా నేల మీద నమ్మకం. వేయించిన చెనక్కాయలు, మిరక్కాయలు, చింతపండు, తెల్లగడ్డ రోట్లో వేసి, చివర్లో ఎర్రగడ్డ పడేసి కచ్చాపచ్చాగా దంచుతారు. మెత్తగా రుబ్బితే చట్నీ అయిపోతుందని చిన్నమ్మ చిన్నచూపు.

ఇటలీ పోయిన మేనల్లుడికి ఫోటో పంపాను. ‘మామా, ఇది పొలెంత కదా!’ అని జవాబు. అడిగి తెలుసుకుంటే సంగతి నిజమే. ఇటలీ ఉత్తరాది పల్లెల్లో బీదాబిక్కీ తరతరాలుగా బతికింది దీనిమీదే. పిండిని గంటసేపు కట్టెతో కెలికి, చెక్కపలక మీద దిమ్మరించి, దారంతో కోసుకుని, పులుసుతో తింటారు. కొలంబస్ పుణ్యమా అని మొక్కజొన్న వచ్చి అదే ఆక్రమించింది గానీ, అంతకుముందు దాన్ని చిరుధాన్యాలతో కూడా చేసేవాళ్ళు. కెలికేది రాగిపాత్రలో. మనది రాగిసంగటి, వాళ్ళది రాగిలో సంగటి! దక్షిణాది ఇటలీ వాళ్ళు ఉత్తరాది వాళ్ళని ‘పొలెంతోని’ అని వెక్కిరిస్తారు. మా కోస్తా స్నేహితులు నన్ను చూసి ‘ఏమోయ్ సంగటీ’ అన్నట్టన్నమాట. ఇప్పుడు ఆ పొలెంతకి పెద్ద హోటళ్ళలో పీట వేశారు. బీదవాడి ముద్ద ఎక్కడైనా ఇంతే. వాడు తిన్నంతకాలం వెక్కిరింత, వాడు మానేశాక మర్యాద.

ఒక తేడా మాత్రం ఉంది. ఆ రోజుల్లో అక్కడి బీదలకి పొలెంత తప్ప పక్కన నంజుకోడానికి ఏమీ ఉండేది కాదు. ఒట్టి మొక్కజొన్నతోనే బతికి పెల్లాగ్రా అనే జబ్బుతో వేలమంది చనిపోయారు. చిన్నమ్మ ముద్ద పక్కన ఆకు, చెనక్కాయ, మజ్జిగ ఎందుకుంటాయో అప్పుడు నాకు కొంచెం అర్థమైంది. చిన్నమ్మకి ఆ లెక్క ఎవరూ చెప్పలేదు. ‘ఒట్టి సంగటి ఎట్టా దిగతాది?’ అంటుంది, అంతే.

ఆ రోజు నుంచీ నా హోదా పడిపోయింది. ఎంత హాయిగా ఉందో! కుర్చీ పోయింది, పీట వచ్చింది. కూల్ డ్రింకు పోయింది, చెంబుతో మజ్జిగ వచ్చింది. ఐదో రోజు రాత్రి నన్ను పనిలో కూడా పెట్టుకున్నారు. పితికిపప్పుకి.

మాఘమాసం ఇంకా రాలేదు గానీ మంచు బాగా పడుతోంది. మంచు పడితే గానీ అనపకాయకి ఆ వాసన రాదంటారు మావైపు. కాయలు ఒలిచి గింజల్ని ముందురోజే నానబెట్టి ఉంచారు. పొయ్యి చుట్టూ చిన్నమ్మ, ఇద్దరు కోడళ్ళు, పక్కింటి అవ్వ, నేను. మధ్యలో చేట. నానిన గింజని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి పితికితే తోలు చేతిలో మిగిలి, పప్పు ఎగిరి చేటలో పడుతుంది. వాళ్ళవి చేటలో పడ్డాయి. నా మొదటి గింజ పొయ్యిలో పడింది, రెండోది అవ్వ కొంగులో. ‘పోనీలే, అట్టనన్నా నాకు పెట్టినావు’ అంది అవ్వ. చేట నిండేసరికి ఊరి కబుర్లన్నీ అయిపోయాయి. ఎవరి బోరు ఎండింది, ఎవరి కూతురు బెంగుళూరులో ఉద్యోగంలో చేరింది, ఎవరు ఎవరితో మాట్లాడ్డం మానేశారు, అన్నీ. ఈ పప్పుకి అంత సమయం పడుతుంది గనకే ఊళ్ళో ఇంత సమాచారం ఉంది.

టెంకాయ, గసాలు, ధనియాలు, చెక్క, లవంగం నూరి వేసి, ఆ పప్పుతో చేసిన పులుసు సంగటిమీద పోసుకుంటే ఇక మాటలుండవు. ఇదేమీ మా ఒక్కరి సొత్తు కాదు. మా జిల్లాకి అటు కన్నడం, ఇటు తమిళం. పడమటికి పోతే దీన్నే హితకిద బేళె అంటారు, దక్షిణానికి దిగితే పితుక్కు పరుప్పు. మూడు భాషల్లోనూ అర్థం ఒక్కటే, పితికిన పప్పు. బెంగుళూరు వాళ్ళయితే జనవరిలో ఈ కాయకి మేళా కూడా పెడతారు. హద్దురాళ్ళు పాతినవాళ్ళు అనప తీగని అడగలేదు.

ఆ పొయ్యి దగ్గరే నేను కొంచెం తెలివి చూపించబోయి భంగపడ్డాను. చిన్నాయన టమోటా ధరల గురించి మాట్లాడుతున్నాడు. మదనపల్లె మార్కెట్టు దగ్గరే గదా. 2023 జూలై నెలాఖరులో అక్కడ మేలురకం కిలో రెండొందల అంచుదాకా పోయింది. మళ్ళీ కొన్నాళ్ళకి కోతకూలి కూడా రాక రోడ్డుపక్కన పారబోసినవాళ్ళనీ ఆయన చూశాడు. ‘ఎట్టున్నా మన కూడు మన కూడే. మా తాతల నాటినుంచీ ఇదే’ అన్నాడు. నేనూరుకోవచ్చు గదా! ‘లేదు చిన్నాయనా, ఈ టమోటా, ఈ మిరక్కాయ, ఈ చెనక్కాయ అన్నీ అమెరికా ఖండాలనుంచి ఓడల్లో వచ్చినవే. మిరపని మనకి తెచ్చింది పోర్చుగీసు వాళ్ళు. ఆ మాటకొస్తే రాగి కూడా ఎన్నో వేల ఏళ్ళ కిందట ఆఫ్రికా నుంచి వచ్చిందే. ఇటలీ వాళ్ళు కూడా టమోటా మాదే అనుకుంటారు, వాళ్ళకీ అప్పు సొమ్మే’ అని ఉపన్యాసం ఇచ్చాను.

అందరూ ఒక్క నిమిషం చేటకేసి చూశారు, అది కూడా పరాయిదేనేమో అన్నట్టు. చిన్నమ్మ మాత్రం కట్టె ఒకటి పొయ్యిలోకి తోసి, ‘అయితే ఏందబ్బా? నేను గూడా ఈ ఊరు గాదు. పుత్తూరు తట్టునుంచి వచ్చిండేదాన్ని. వచ్చి యాభై యేండ్ల పైనయ్యింది. ఇప్పుడు నేను యా ఊరిదాన్ని?’ అంది.

చదివిన పుస్తకాల్లో నాకు దానికి జవాబు దొరకలేదు. మీకు దొరికితే చెప్పండి.

ఏడో రోజు పొద్దున అసలు గౌరవం దక్కింది. లేచేసరికి ఎనిమిదయింది. చిన్నమ్మ తలకి గుడ్డ చుట్టుకుని కొడవలి పట్టుకుని బయల్దేరుతోంది. కాఫీ ఊసు లేదు, టిఫిన్ ఊసు లేదు. వెనక్కి తిరగకుండానే, ‘దుత్తలో సద్ది ఉండాది. ఎర్రగడ్డ కోసుకోని తాగుపో. నాకు పనుండాది’ అని వెళ్ళిపోయింది. రాత్రి మిగిలిన సంగటి నీళ్ళలో నానింది. పిసికి, మజ్జిగ పోసి, ఉప్పేసి, ఎర్రగడ్డ, పచ్చిమిరక్కాయ కొరుక్కుంటూ గడపలో కూర్చుని తాగాను. వీధిలో పోయేవాళ్ళు నన్ను చూసి ఆగలేదు, ఎప్పుడొచ్చావని అడగలేదు. మొదటి రోజు ఒక్కొక్కరూ ఆగి పలకరించిన వాళ్ళే.

పదో రోజు సంచి సర్దుతుంటే చిన్నమ్మ రాగిపిండి, అనపకాయలు, చెనక్కాయలు కుక్కింది. నేను తెచ్చిన లడ్లు ఏవీ అంటే, వచ్చిన రోజే ఇంటింటికీ తలా తుంపు పంచేసిందట. తనకి మిగుల్చుకోలేదు.

బస్సు ఘాట్ దిగుతుంటే దూరంగా కొండలు కనిపించాయి. అప్పుడు గుర్తొచ్చింది. తిరుమలలో స్వామికి రోజూ ఎన్ని రకాల ప్రసాదాలు! లడ్లు, వడలు, పొంగళ్ళు, పులిహోరలు. అవేవీ గర్భగుడి గడప అయిన కులశేఖరపడి దాటి లోపలికి పోవని ఆలయ ఆచారం. దాటేది ఒక్కటే. ఓడులో, అంటే పగిలిన కొత్త మట్టికుండలో పెట్టిన పెరుగన్నం. ఎన్నోసార్లు విన్న మాటే. ఆ రోజు వేరుగా వినిపించింది. లడ్డు వచ్చిపోయేవాళ్ళకి. ఇంటాయనకి సట్టిలో పెరుగుబువ్వ. కుబేరుడికి అప్పున్న దేవుడింట్లో కూడా మా చిన్నమ్మ ఇంటి పద్ధతే నడుస్తోంది.

ఇంకో కబురు. మా అక్క కొడుకు వచ్చేనెల తిరుపతి వస్తున్నాడు. మా ఇంట్లోనే దిగుతాడు. మా ఆవిడ అప్పుడే యూట్యూబులో పాస్తా చేయడం నేర్చుకుంటోంది, జర్మనీ నుంచి వచ్చేవాడికి మన తిండి ఏం సహిస్తుంది అని. నేనేమీ అడ్డు చెప్పలేదు. రెండు రోజులు పెట్టనీ. మూడో రోజు సంగటి సంగతి నేను చూసుకుంటా.